రెండు పడౌక్ ముక్కలు

టార్పాలిన్ క్రింద ఏళ్ళ తరబడి పడి ఉన్న మా జీపును విప్పిన మొదటి రోజుననే, దాని ఇంజను క్రింద నాకు రెండు కొయ్య ముక్కలు కనిపించాయి. రబ్బరు ఉండవలసిన చోట కొయ్య! నూనె త్రాగి నల్లబడిన వాటిని ఉలితో గీస్తే లోపల ఎర్రని రంగు బయటపడింది. అది అండమాను అడవుల పడౌక్ కలప.

“నేనే పెట్టాను,” అన్నారు నాన్నగారు కుర్చీలో నుంచి. “రెండు నెలలకని పెట్టాను. అలాగే ఉండిపోయాయి.”

శ్రీకాకుళం జిల్లా నుండి 1963లో మద్రాసు ఓడ ఎక్కి ఈ దీవులకు వచ్చిన మనిషి ఆయన. కలప లారీ నడిపి కూడబెట్టిన డబ్బుతో 1968లో కలకత్తాలో ఈ విల్లీస్ జీపును కొని ఓడలో తెచ్చుకున్నారు. అది రెండవ ప్రపంచ యుద్ధ కాలపు బండి. 1974లో ఇంజను రబ్బర్లు చీలిపోయాయి. కొత్తవి కలకత్తా నుండి రావాలి. డోంగీలలో ఇంజన్లను కొయ్య దూలాలపై బిగించడం చూసి, ఆయన పడౌక్ ముక్కలు చెక్కి పెట్టారు. బండి నడిచింది. అయితే దాని ఫలితం ఇప్పుడు నా కళ్ళ ముందు ఉన్నది. ముందు బ్రాకెట్టు చీలింది. రేడియేటరు అతుకులు మూడుచోట్ల విడిచాయి.

నేను ఓడల మరమ్మతు కర్మశాలలో ముప్పది ఏళ్ళు ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మెకానిక్కులు ‘ఫౌండేషన్’ అని పిలిచే ఈ రబ్బరు దిమ్మ పని ఇంజనును మోయడం మాత్రమే కాదని నాకు తెలుసు. నాలుగు సిలిండర్ల ఇంజను ఎంత చక్కగా తయారైనా నిశ్చలంగా తిరగదు. క్రాంకు ఒక్క చుట్టు తిరిగేలోగా రెండు కుదుపులు పుడతాయి. నిమిషానికి 600 చుట్లు తిరుగుతూ బండి నిలిచి ఉన్నప్పుడు సెకనుకు 20 కుదుపులు. రబ్బరుపై కూర్చున్న ఇంజను తనంతట తాను ఊగే వేగం సెకనుకు 14 కన్న తక్కువగా ఉంటేనే ఆ కుదుపు తగ్గి చాసిస్‌కు చేరుతుంది. ఆ రెండు వేగాలూ ఒకటైతే కుదుపు తగ్గకపోగా పెరుగుతుంది.

ఈ రహస్యాన్ని మోటారు పరిశ్రమ నేర్చుకోవడానికి కూడా కాలం పట్టింది. 1931లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ తన ప్లిమత్ కారులో ఇంజనును ముందు ఎత్తున ఒకచోట, వెనుక దిగువన ఒకచోట రబ్బరుపై నిలిపింది. ఆ రెండింటినీ కలిపే ఊహారేఖ ఇంజను గరిమనాభి గుండా పోతుంది. అందువల్ల ఇంజను ఉయ్యాలలో బిడ్డవలె తనలో తాను ఊగేది, బండిని ఊపేది కాదు. ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థ ఈ పద్ధతిని హక్కులు పొంది స్వీకరించి, ఈదే హంస బొమ్మను దానికి గుర్తుగా పెట్టుకున్నది.

ఇదంతా చదివి నేను మెత్తదనమే సుగుణమనుకున్నాను. జీపుకు ముందు రెండు, గేర్‌బాక్సు క్రింద ఒకటి దిమ్మలుంటాయి. మూడింటికీ మిక్కిలి మెత్తని రబ్బరు కోసి పెట్టాను. ఇంజను వెనుకనుండి చాసిస్‌కు బిగించిన ఒక తుప్పుపట్టిన ఇనుప తాడు కనబడితే, ఎవరో తాత్కాలికంగా కట్టినదనుకొని పారవేశాను.

ఇంజను తిప్పితే పిల్లి గురక పెట్టినట్లున్నది. నాన్నగారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని బయలుదేరాను. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన మా పోర్ట్‌బ్లెయరులో సమతలమైన వీధి అరుదు. అబర్దీన్ బజారు నుండి పైకి ఎక్కుతూ ఒకచోట ఆగి, గేరు మార్చడానికి క్లచ్చి గట్టిగా తొక్కాను. ముందునుండి భయంకరమైన చప్పుడు వచ్చింది. ఆ తొక్కుడుకు ఇంజను మొత్తం ముందుకు జరిగింది. ఫాను రెక్కలు రేడియేటరును కొరికాయి. వేడినీరు చిమ్మింది. అదిరిపడి బ్రేకు మీది కాలు తీశాను. బండి వెనక్కు జారసాగింది. వెనుక బడిపిల్లల ఆటో ఉన్నది.

నాన్నగారు చేయి చాచి డాష్‌బోర్డు మధ్యనున్న చేతిబ్రేకును లాగారు. ఆటోకు రెండు మూరల దూరంలో బండి ఆగింది.

చాలాసేపు ఆయన ఏమీ అనలేదు. తరువాత, “ఆ తాడు ఏమయిందిరా?” అని అడిగారు.

విల్లీస్ జీపు రూపకర్తలు క్లచ్చి తొక్కినప్పుడు ఇంజను ముందుకు పోకుండా ఆపడానికే ఆ తాడు పెట్టారు. 1971లో అమెరికాలో ఇంజను రబ్బర్లు తెగి, ఇంజను లేచి, యాక్సిలరేటరును లాగివేస్తున్నందున సుమారు 67 లక్షల షెవ్రోలే బండ్లను వెనక్కు పిలిచి, వాటికి కూడా ఇనుప తాడే బిగించారు. ఇది నేను తరువాత చదివాను. నాన్నగారికి చదవనక్కరలేకపోయింది.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి నడితరహా గట్టితనంగల రబ్బరును రెండు ఇనుప రేకుల నడుమ కాల్చి అతికించాను. రబ్బరు చీలినా ఇంజను పడిపోకుండా మధ్యగా ఒక బోల్టు, దాని క్రింద వెడల్పాటి వాషరు వేశాను. అసలు జీపులో ఇవి ఇలా లేవు. పాతబండిని ఉన్నదున్నట్టు నిలపాలనే నియమానికి ఇది మినహాయింపే. కాని ప్రక్క సీటులో తండ్రి కూర్చునే బండికి నియమం కన్న నమ్మకం ముఖ్యమనిపించింది. రబ్బరు గుండా విద్యుత్తు పోదు కనుక ఇంజను నుండి చాసిస్‌కు రాగి పట్టీ బిగించాను. చివరకు కొత్త తాడు తెచ్చి, ఇంజను ఊగేటంత వదులు మాత్రమే ఉంచి కట్టాను.

ఆ సాయంత్రం నాన్నగారు తన టీ గ్లాసును బానెట్టు మీద పెట్టి, ఇంజను తిప్పమన్నారు. టీ పైన సన్నని వలయాలు లేచాయి. ఒక్క చుక్క చిందలేదు.

“కొంచెం కదులుతోంది,” అన్నారు.

“కదలాలి నాన్నా,” అన్నాను.

ఆయన తల ఊపి, పడౌక్ ముక్కలు రెండింటినీ గుడ్డతో తుడిచి, జీపు వెనుక మూలనున్న పనిముట్ల పెట్టెలో పెట్టారు. ఓడ ఆలస్యమయితే పనికి వస్తాయట.