పచ్చని ఆకు, బరువైన గింజ

పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు నా పని యాసంగి జొన్న మీద. నల్లరేగడి దాచుకున్న తేమతోనే ఆ పంట గట్టెక్కాలి. పూత దాటాక మా మడులకు నీళ్లు కట్టేవాళ్లం కాదు. గింజ పాలు పోసుకునే వేళకు ఆర్16 అనే రకం కింది ఆకులు పసుపు తిరిగి, ఎండు పైకి పాకేది. పక్కనే ఉన్న బి35 చూపుకు ఆనని పొట్టి జొన్న, కంకీ చిన్నదే. కానీ గింజ గట్టిపడ్డాక కూడా దాని పై ఆకులు పచ్చగా నిలిచేవి. ఇథియోపియా నాటు జొన్న నుంచి అమెరికాలోని టెక్సాస్‌లో తీసిన రకమది.

ఆ పచ్చదనాన్ని నిలబెట్టే క్రోమోజోమ్ భాగాలు ముఖ్యంగా నాలుగు: ఎస్‌టీజీ1 నుంచి ఎస్‌టీజీ4 దాకా. వాటిని డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ఆర్16లోకి తేవడమే అక్కడి ప్రయత్నం. రోజూ స్పాడ్ మీటరు పట్టుకుని సాళ్ల వెంట తిరిగేవాణ్ని. ఆకును దాని దవడల మధ్య నొక్కితే ఎరుపు, పరారుణ కాంతులు పంపి, పత్రహరితం ఎంతుందో ఒక అంకెలో చెబుతుంది.

ఒక సాలులో ఆ అంకె మిగతా అన్నిటినీ మించింది. కంకుల దగ్గర పిట్టల కాపలా ఉండే అక్క నన్ను చూసి, "సారూ, గా సాలు రాసుకోకుండ్రి. పిట్టలు గింజంత తిన్నయి, గందుకే ఆకు ఎండలే" అంది. కంకులు విప్పి చూశాను. సగానికి పైగా ఖాళీ. గింజే లేకపోతే ఆకులోని నత్రజనిని లాగేవారెవరు? అది కదలకుండా అక్కడే ఉండిపోతుంది.

ఆ సాయంత్రం మా గైడుగారు మెండెల్ బఠాణీల సంగతి ఎత్తారు. పండినా ఆకుపచ్చగానే ఉండే ఆ గింజల వెనకున్న జన్యువును 2007లో గుర్తించారు. పత్రహరితం నుంచి మెగ్నీషియాన్ని ఊడదీసే ఎంజైమును తయారుచేసే జన్యువది. అది చెడితే రంగు విరగదు. కానీ ఆకులో ఆహారం తయారీ మాత్రం ఎప్పటిలాగే తగ్గిపోతుంది. అలాంటి పచ్చదనం రైతుకు గింజ ఇవ్వదు.

బి35 దారి వేరు. దాని జన్యువులు పిలకలు తగ్గిస్తాయి, పై ఆకులను చిన్నవి చేస్తాయి. పూతకు ముందు నీటి ఖర్చు తగ్గి, నేలలో మిగిలిన తేమ గింజ నిండేటప్పుడు అక్కరకొస్తుంది. ఆకు పచ్చగా ఉండటం ఆ పొదుపుకు ఫలితం. కాండం బలంగా ఉండి బొగ్గు కుళ్లుకు, పడిపోవడానికి లొంగదు. చొప్ప కూడా పశువులకు మేలైనదవుతుంది. జొన్న రైతుకు చొప్ప ధర చిన్న విషయం కాదు. ఇన్ని మేళ్లు ఒక్క మొక్కలో చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నా విన్నపం ఒక్కటే. మీటరు అంకె చూసి మొక్కను ఎంచకండి. నీళ్లు ఆపిన మడిలో పెంచండి, కంకిని పిట్టల నుంచి కాపాడండి, గింజనూ చొప్పనూ తూచి చూడండి. ఆ తర్వాతే పేరు రాసుకోండి.