దెబ్బకీ దెబ్బకీ మధ్య

శనివారం రాత్రి మా గుడిబండె భజన మందిరంలో మృదంగం గోడకే వేలాడుతూ ఉండిపోయింది. వాయించే కుర్రాడికి బెంగళూరులో ఉద్యోగం దొరికింది. కైవారం తాతయ్య తత్వాలను ఉత్త తాళాలతోనే లాగించాం.

ఇంటికొచ్చి ఫైవ్ ఐరన్ ఫ్రెంజీ పెట్టుకున్నాను. 1995లో అమెరికాలోని డెన్వర్‌లో పుట్టిన క్రైస్తవ స్కా బృందం అది. స్కా సంగీతం జమైకా సొత్తు. దెబ్బ పడే చోట గిటారు ఊరుకుంటుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో చటుక్కున మోగి ఆగిపోతుంది. పైన బాకాలు, శాక్సోఫోన్. కాలు ఊరికే ఉండదు.

1998లో గిటారిస్టు స్కాట్ కెర్ వెళ్ళిపోయాడు. సానీ జాన్‌స్టన్ వచ్చాడు. 2003లో బృందమే సెలవు పుచ్చుకుంది. 2011లో మళ్ళీ కలిసినప్పుడు కెర్ తిరిగొచ్చాడు, ఈసారి బేస్ గిటారు పట్టుకొని. కొత్త ఆల్బమ్‌కు అభిమానులనే చందా అడిగారు. 30,000 డాలర్లు కావాలంటే రెండు లక్షలు దాటి వచ్చాయి! మా శ్రీరామనవమి చందా పుస్తకం గుర్తొచ్చి నవ్వుకున్నాను.

వచ్చే శనివారం మృదంగం దించి దుమ్ము తుడవాలి. పండక్కి ఆ కుర్రాడు ఊరికొస్తే, వాయించకుండా ఉంటాడా?