బావగారి పుట్టి

"పుట్టి కొన్నాను" అని చెప్పగానే మా ఆవిడ, "జొన్నలా, కొర్రలా?" అని అడిగింది.

ఆవిడను చూసి నవ్వి లాభం లేదు. మా ఆదోనిలో పుట్టి అంటే గింజల కొలతే. నది మీద తిరిగే పుట్టి మా వీధిలో ఎవరికి కావాలి? నలభై యేళ్లు పత్తి బేళ్ల లెక్కలు రాసిన నేను నీళ్లను ఎక్కువగా చూసింది బిందెల్లోనే. చిన్నప్పుడు రాయచూరు రైల్లో పోతూ వంతెన మీద అయిదు పైసల బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకోవడమే నాకూ తుంగభద్రకూ వున్న సంబంధం.

మా అక్కను ఇచ్చింది మాత్రం ఆ నది గట్టునే. ఎమ్మిగనూరు దాటి ఉత్తరంగా పోతే వాళ్ల వూరు వస్తుంది. బావకు అవతలి ఒడ్డున మూడెకరాల పొలం వుంది. 2009 అక్టోబరు వరదలో, మంత్రాలయమూ కర్నూలూ మునిగినప్పుడు, బావ పాత పుట్టి కట్టిన మోకుతో సహా కొట్టుకుపోయింది. ఆ తరువాత కొన్నది నిరుడు చివికిపోయింది. ఈలోగా బావ ఎడమచేతికి పక్షవాతం వచ్చి పోయింది. పోయిందని బావ అంటాడు. పోలేదని అక్క అంటుంది.

కొత్త పుట్టి కావలసిందేనని బావ పట్టుపట్టాడు. డబ్బు నాది, పట్టుదల బావది, బెంగ అక్కది.

బయలుదేరే ముందు అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "తోడు పో నాయనా. ఆ చెయ్యి తెడ్డు పట్టగలదో లేదో కండ్లతో చూసి చెప్పు. పట్టలేదంటే పుట్టిని అమ్మేసి, పొలం కౌలుకిస్తాం. నాకు మాత్రం అబద్ధం చెప్పొద్దు."

ఆ విధంగా నేను బామ్మర్దిగా కాక, వేగులవాడుగా బయలుదేరాను.

రాజోలిబండ ఆనకట్టకు దిగువన ఒక పల్లెలో పుట్టి తయారై వుంది. వెదురుబద్దలతో అల్లిన పెద్ద గంప అనుకోండి. పూర్వం దానికి తోలు తొడిగేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా చుట్టి తారు పూస్తున్నారు. తక్కినదంతా పాతదే. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఇదే తుంగభద్ర మీద ఇటువంటి పుట్లను చూసి, అవి పదిహేను ఇరవైమందిని మోస్తాయనీ, ఎప్పుడూ గిరగిర తిరగడమే గాని తిన్నగా పోవనీ రాసిపెట్టాడు. ఆ ఆఖరు మాట నిజమని నా కడుపు పావుగంటలోనే ఒప్పుకొన్నది.

"ట్రాక్టరులో వేసుకొని వుంటే ఈపాటికి ఇల్లు చేరేవాళ్లం కదా బావా?"

"కొత్తకోడలు దొడ్డిదారిన వస్తుందా అప్పా?" అన్నాడు బావ. "నీళ్లమీద బతకాల్సింది నీళ్లమీదే రావాల."

బావ ముందువైపు మోకాళ్లమీద కూచుని, తెడ్డుతో నీళ్లు తనవైపు లాగుతున్నాడు. కార్తీకమాసం కనుక నదిలో నీళ్లున్నాయి గాని వడి తగ్గింది. నేను గట్లు చూడడం లేదు, నీళ్లు చూడడం లేదు. ఆ ఎడమచేతినే చూస్తున్నాను. రైలు వంతెన కింద పోతూ వుంటే పైన బండి ధడధడమని వెళ్లింది. ఏ పిల్లవాడైనా బిళ్ల విసిరాడేమోనని తల ఎత్తాను, అంతే. కుడిగట్టు మనది, ఎడమగట్టు కర్ణాటకం. ఇంకా దిగువకు పోతే అదే తెలంగాణ. టిక్కెట్టు లేని ప్రయాణానికి మూడు రాష్ట్రాలు!

పొద్దుగూకేసరికి మంత్రాలయం చేరాము. రాఘవేంద్రస్వామి దర్శనం చేసుకొని, పుట్టిని గట్టుమీద బోర్లించి, దాని పక్కనే పడుకొన్నాము. నడిరేయి మెలకువ వచ్చింది. బావ నది అంచున కూచుని, తడిపిన తువ్వాలును ఎడమచేత్తో పిండుతున్నాడు. పిండుతున్నాడు గాని నీళ్లు కారడం లేదు. నేను కళ్లు మూసుకొన్నాను. పొద్దున ఏమీ ఎరగనట్టు మొగం కడుక్కొన్నాను.

మర్నాడు మధ్యాహ్నం బండల నడుమ నది చీలినచోట పుట్టి గిర్రున తిరిగింది. బావ ఎడమచెయ్యి విచ్చుకొన్నది. తెడ్డు జారింది. నేను వంగి పట్టుకొన్నాను. ధైర్యం వుండి కాదు, అది నా మోకాలికి తగిలింది కనుక.

"లాగప్పా! నీదిక్కు లాగు! తొయ్యొద్దు, లాగు!"

లాగాను. పుట్టి బండకు రాసుకొని, మరొకసారి తిరిగి, నిలకడ నీళ్లలోకి వచ్చిపడింది. కొంతసేపు ఇద్దరమూ మాట్లాడలేదు.

"మీ అక్కకు చెప్తావా?" అన్నాడు బావ, నావైపు చూడకుండా.

నేను జవాబు చెప్పలేదు. తెడ్డు తిరిగి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. అక్కడినుంచి వెనక కూచుని దారి చెప్పాడు. "అక్కడ నీళ్లు ముడత పడినాయి చూడు, అడుగున బండ వుంది. ఈ పక్క నున్నగా వుంది, పోనీ." ఒక్కమాట తప్పు కాలేదు. నాకు వట్టి నీళ్లుగా కనిపించినదంతా ఆయనకు అచ్చువేసిన పుస్తకం.

సాయంత్రం అక్క పసుపు, కుంకుమ, కొబ్బరికాయతో గట్టున నిలబడి వుంది. పుట్టిని చూడలేదు. నా చేతిలో తెడ్డు చూసింది.

బావ ఎదుటనే చెప్పాను. "చెయ్యి నిలవలేదక్కా. ఒంటరిగా పంపొద్దు. కాని అమ్మనూ వద్దు. నది తెలిసినవాడు ఆయనే. పక్కన తెడ్డు పట్టేవాడుంటే చాలు."

అక్క కొంగుతో కళ్లు ఒత్తుకొన్నది. బావ చాలాసేపు నదివైపు చూసి, "తెడ్డు పట్టేవాడు ఆదోనిలో వున్నాడు. ఇంకా తొయ్యడమే తప్ప లాగడం రాదు గాని, నేర్పుకోవచ్చులే" అన్నాడు.

ఇప్పుడు శనివారం సాయంత్రం ఎమ్మిగనూరు బస్సులో నన్ను చూడవచ్చు. ఆదివారాలు బావనూ పొలానికి కావలసిన సరంజామానూ నది దాటిస్తాను. అరచేతుల్లో కాయలు కాచాయి. మొన్న మాఘంలో ఆ పొలం జొన్నలు ఒక సంచి ఇంటికి తెచ్చాను.

మా ఆవిడ సంచిని పైకెత్తి చూసి, "పుట్టి అన్నారు, ఇంతేనా?" అన్నది.