గద్వాల మగ్గం నుంచి నాగర్‌కర్నూలు పరీక్ష దాకా

మీ బీరువాలో గద్వాల చీర ఉంటే ఒకసారి తీసి, అంచు వెనక్కి తిప్పి చూడండి. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసేచోట పోగు పోగుకీ పెనవేసుకుని ఉంటుంది. దాన్ని కుప్పడం అంటారు. ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళకి ఆ చీరలు కట్టుకుంటున్నా, ఈ సంగతి నాకు మొన్న మా ఆడపడుచు ఇంటికి గద్వాల వెళ్ళినప్పుడే తెలిసింది.

హైదరాబాదు నుంచి బెంగుళూరు రోడ్డు పట్టుకుని, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో కుడివైపు తిరిగితే గద్వాల. కోటలో చెన్నకేశవస్వామి దర్శనం అయ్యాక, మా వదిన తనకు తెలిసినవాళ్ళ మగ్గం చూపిస్తానంటూ తీసుకెళ్ళింది. గుంట మగ్గం. మూడు నాడెలు. ఒకటి చీర ఒంటికి, రెండు అటూ ఇటూ అంచులకి. మగ్గం మీద అరవై దాటిన ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది, పక్కన ఆమె కోడలు.

"నీకెవరు నేర్పారు పెద్దమ్మా?" అన్నాను.

"మా అత్త. మొదలు కండెలు సుట్టిచ్చింది, ఏడాదికి గానీ మగ్గం మీద కూసోనియ్యలే. జానెడు నేస్తే, అంచు కాడ పోగు వదులైందని మొత్తం ఇప్పిచ్చింది. ఏడ్సుకుంట మళ్ళీ నేసిన" అని నవ్వింది.

ఇంతకన్నా గట్టి పరీక్ష ఏ కాలేజీలో ఉంటుంది చెప్పండి! కానీ అంత పని వచ్చినామె చేతిలో ఒక కాగితం ముక్క లేదు. ఎక్కడో అమ్మాయిలకి మగ్గం నేర్పడానికి మనిషి కావాలంటే వెళ్ళిందట. సర్టిఫికెట్ ఉందా అన్నారట. వచ్చేసింది. చీరకైతే 2004 నుంచి సిల్క్ మార్క్, 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉన్నాయి, గద్వాల చీరకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఇలాంటివాళ్ళకోసమే ఒక పద్ధతి ఉంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పని ముందే వచ్చినవాళ్ళని మళ్ళీ నెలల తరబడి కూర్చోబెట్టకుండా, కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు చేశారు. ప్రతి పనికీ ఏమేం చేయగలగాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. పోగు తెగితే అతకడం వచ్చా, మగ్గం శుభ్రంగా ఉంచుకోవడం తెలుసా, ఇలా. మా వదినకి చెప్పాను, పెద్దమ్మ పేరు రాయించమని. పెద్దమ్మ మాత్రం "ఇప్పుడు నాకు పరీచ్చ ఏందమ్మా" అంటూ నాడె విసిరింది. ఒప్పుకుంటుందో లేదో!

మర్నాడు జొన్నరొట్టె, పుంటికూర మూటకట్టుకుని వనపర్తి వెళ్ళాం. అక్కడ రాజాగారి ప్యాలెస్‌లో 1959లో పెట్టిన పాలిటెక్నిక్ ఉంది. రాజులుండే చోట పిల్లలు యంత్రాల చదువు చదవడం నాకు భలే నచ్చింది.

అసలు మా ప్రయాణం నాగర్‌కర్నూలుకి. బిజినేపల్లి మీదుగా వెళ్ళాం. అక్కడ మా మేనకోడలికి కుట్టుపని పరీక్ష. అంతకుముందు వేరే ఊళ్ళో ఒకచోట మూడు నెలలు చేరింది. హాజరు పట్టీలో సంతకాలు, చివర్లో ఫోటో, చేతికి సర్టిఫికెట్. ఇంటికొచ్చి జాకెట్టు కత్తిరించమంటే బట్ట పాడుచేసి ఏడ్చింది. షాపువాళ్ళు ఆ కాగితం చూసి పని ఇచ్చి, రెండో రోజే పంపేశారు. ఆ పిల్ల నెల రోజులు గడప దాటలేదు.

ఈసారి నేనే ముందుగా వెళ్ళి అడిగాను. నేర్పినవాళ్ళే మార్కులు వేస్తారా అని. కాదన్నారు. పరీక్ష చేయడానికి బయటినుంచి వేరే సంస్థ మనిషి వస్తారట. అలాంటి పరీక్షా సంస్థల్నీ, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల్నీ గుర్తించి, వాటి పని మీద కన్నేసి ఉంచడానికి ఢిల్లీలో ఎన్.సి.వి.ఇ.టి. అని ఒక మండలి 2020 నుంచి పనిచేస్తోంది. మీ పిల్లల్ని ఎక్కడ చేర్చినా ఫీజు ఎంతని అడిగేముందు ఈ ప్రశ్న అడగండి. చేతికి కత్తెర ఎన్ని గంటలిస్తారో కూడా అడగండి.

కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. వచ్చినావిడ ముందు కొలతలు తీయించింది, బట్ట కత్తిరించమంది, కుట్టించింది. "కుట్టు పక్కన బట్ట ఎందుకు వదిలావు?" అని అడిగింది. పిల్ల తడుముకోకుండా "ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి" అంది. ఆవిడ నవ్వి, జాకెట్టు తిరగేసి లోపలి కుట్టు వేలితో లాగి చూసింది. గద్వాలలో పెద్దమ్మ అత్తగారు గుర్తొచ్చింది నాకు.

ఫలితం వచ్చింది, పాసైంది. మొదటి జాకెట్టు నాకే కుట్టింది. ఎడమ చేయి సంక దగ్గర కొంచెం పట్టేస్తోంది. చెప్పగానే మొహం ముడుచుకుని, "ఇటివ్వు అత్తా, విప్పి మళ్ళీ కుడతా" అని లాక్కుపోయింది.