చేతిసంచి

మా ఇంటి వంటగది తలుపు వెనుక మేకుకు ఒక గుడ్డసంచి వేలాడుతూ ఉంటుంది. ఖాకీ గుడ్డతో కుట్టినది. దాని చెవులు రెండూ పాత నేతచీర అంచుతో చేసినవి. కూరల బజారుకు వెళ్ళినా, పుస్తకాల అంగడికి వెళ్ళినా దానిని చేత పట్టుకొనిగాని నేను గడప దాటను. వెల కడితే ఎవరూ పది రూపాయలు కూడా ఇవ్వరేమో! కాని ఆ సంచి తిరిగి నా చేతికి రావడానికి ముప్పై అయిదేళ్ళు పట్టింది. ఆ సంగతి చెప్పాలంటే మా పల్లెలోని పెరటినుంచి మొదలుపెట్టాలి.

మాది కృష్ణా జిల్లాలో ఒక చిన్న గ్రామం. నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. ఇల్లు చిన్నదే గాని పెరడు విశాలమైనది. గిన్నెలు తోమిన నీరు అరటిపాదుకు, బియ్యం కడిగిన నీరు కరివేపచెట్టుకు పోయేవి. పందిరిమీద ఆనపతీగె, దడిమీద చిక్కుడుతీగె అల్లుకొని ఉండేవి. చిక్కుడు విషయంలో మా అమ్మ ఎంతో ఓర్పు చూపేది. ఆషాఢంలో గింజ నాటినా ఆ తీగె పూతకు తొందరపడదు. పగటిపొద్దు తగ్గి, చలిగాలి తిరిగితేగాని ఊదారంగు పూలు కనిపించవు. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టడానికి వాడవారందరూ మా దడిదగ్గరికే వచ్చేవారు. అడిగినవారికి లేదనకుండా కోసి ఇవ్వడంలో అమ్మ ముఖం వెలిగిపోయేది.

మధ్యాహ్నవేళ పని ముగించుకొని అమ్మ అరుగుమీద సూది దారాలతో కూర్చొనేది. నలిగిన చీరలను పొరలు పొరలుగా పరచి బొంత కుట్టేది. చిన్న ముక్కలు తలగడ గలేబులయ్యేవి. అందుకు కూడా పనికిరానివి వంటింట్లో మసిగుడ్డలుగా మారేవి. చివరకు మిగిలిన పీలికలతో లాంతరు చిమ్నీ తుడిచేవాళ్ళం. మా ఇంట్లో ఒక చీర నాలుగు జన్మలెత్తేదన్నమాట! దానిని మేము పొదుపు అని అనుకోలేదు. బ్రతుకు అంటే అదే అనుకొన్నాము.

1988లో నేను విజయవాడలో ఇంటర్మీడియట్‌లో చేరాను. నాన్నగారు పాత పుస్తకాల దుకాణాలు తిరిగి సగం వెలకు పాఠ్యపుస్తకాలు కొనిపెట్టారు. ఆ పుస్తకాలు మోసుకొనిపోవడానికి అమ్మ నాన్నగారి పాత ఖాకీ పంట్లాము విప్పి, రెండు రాత్రులు కూర్చొని ఒక సంచి కుట్టింది. లోపల కలానికి వేరే అర, పైన నా పేరులోని మొదటి అక్షరం ఎర్రదారంతో.

తరగతిలో చాలామంది దగ్గర మెరిసే రెక్సిను సంచులుండేవి. మొదటివారంలోనే ఒక సహాధ్యాయి నా సంచిని ఎత్తి చూపి, "ఇది మీ నాన్నగారి లాగా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వే ఈనాటికీ నన్ను బాధిస్తుంది. ఆ సాయంత్రం పుస్తకాలు చంకలో పెట్టుకొని, ఖాళీసంచిని బస్సు సీటుకింద వదలి దిగిపోయాను. ఇంటికి వెళ్ళి, "బస్సులో మరచిపోయానమ్మా!" అన్నాను. అమ్మ నా ముఖంవంక ఒక్కక్షణం చూసి, "పోనీలే నాన్నా!" అన్నది. నెల తిరగకముందే పాలు అమ్మిన డబ్బుతో రెక్సిను సంచి కొనిచ్చింది. ఆ తరువాత అమ్మ నాకోసం ఏమీ కుట్టలేదు. నేనూ అడగలేదు.

కాలం గడిచింది. ఉద్యోగరీత్యా నేను హైదరాబాదులో స్థిరపడ్డాను. 2022లో నాన్నగారు కాలం చేసిన తరువాత అమ్మ ఒక ఇనుపపెట్టె, ఒక బొంత తీసుకొని మా ఇంటికి వచ్చింది. మాది మూడో అంతస్తు. వంట చేయనివ్వము, బరువులెత్తనివ్వము. సుఖపెడుతున్నామని మేము అనుకొన్నాము. ఆమె మాత్రం రోజంతా కిటికీదగ్గర కూర్చొని, ఖాళీగా ఉన్న తన చేతులవంక చూసుకొనేది. తిండి తగ్గింది. మాట తగ్గింది. వైద్యుడు పరీక్షించి జబ్బేమీ లేదన్నాడు. జబ్బు లేకుండానే మనిషి కరిగిపోవడం చూసి నాకు భయం వేసింది.

ఏం చేయాలో తోచక, ఒక ఆదివారం పాత సామాన్ల కొట్టునుంచి నాలుగు ఖాళీ రంగుల డబ్బాలు తెచ్చి, మట్టి నింపి, తోటకూర విత్తనాలు చల్లాను. మొలకలు వచ్చినట్లే వచ్చి పదిరోజులకు కుళ్ళిపోయాయి. అమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి, డబ్బాను తలక్రిందులుగా పట్టుకొని చూసింది. "అడుగున చిల్లు లేకపోతే నీళ్ళెటుపోతాయిరా? మొక్కకు నీరెంత అవసరమో, ఆ నీరు పోయే దారీ అంత అవసరం" అన్నది. ఆ నెలలో ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదటిసారి.

మరునాటినుంచి పెత్తనం ఆమెది. డబ్బాలకు చిల్లులు పొడిపించింది. చిల్లుమీద పెంకుముక్క పెట్టి, ఎర్రమట్టి, మాగిన పశువులఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్ళలో కలిపి నింపించింది. మూడు వారాలలో మెంతికూర, నెలరోజులలో తోటకూర చేతికి వచ్చాయి. కొమ్మలు గుచ్చితే పుదీనా, బచ్చలి అల్లుకొన్నాయి. చలికాలంలో చిక్కుడుతీగెకు నల్లగా పేనుబంక పట్టింది. నేను మందు కొనబోతే అమ్మ వారించింది. ఆకుమీద పాకుతున్న ఎర్రటి అక్షింతల పురుగులను చూపి, "వాటి పని వాటిని చేయనీ" అన్నది. అవి పేనుబంకను తినే మిత్రపురుగులని నాకు తరువాత తెలిసింది. మిగిలిన బంకను సబ్బునీటితో కడిగేశాము. నిజం చెప్పాలంటే ఆ తోటవల్ల మేము కూరలు కొనడం మానలేదు. వారానికి రెండు పూటలకు సరిపడే ఆకుకూర, గుప్పెడు చిక్కుళ్ళు, అంతే! కాని పక్కింటివారికి ఒక కట్ట మెంతికూర ఇచ్చివచ్చిన రోజున అమ్మ రెండుసార్లు అన్నం వడ్డించుకొన్నది.

హైదరాబాదులో ప్రతి గురువారం సాగే జుమేరాత్ బజారులో పాతసామాన్లు కుప్పలు పోసి అమ్ముతారు. ఆదివారాలు ఆబిడ్స్‌లో మూసిన దుకాణాలముందు కాలిబాటపై పాత పుస్తకాలు పరుస్తారు. రెంటికీ తిరగడం నాకు అలవాటు. చవకగా వచ్చిందని కొన్నంతమాత్రాన అది పొదుపు కాదు. నడవని గడియారాలు మూడు కొని నేను ఈ పాఠం నేర్చుకొన్నాను. అయితే 2023లో ఒక గురువారం చేతితో తిప్పే పాత కుట్టుమిషను ఒకటి కంటబడింది. "నడవదు సార్, అలంకారానికి పెట్టుకోండి" అన్నాడు అమ్మేవాడు. ఇంటికి తెచ్చాను. అమ్మ రెండు రోజులు దాని తుప్పు తుడిచి, నూనె పోసి, కొత్త సూది వేయించింది. మూడోరోజున చక్రం గిరగిరా తిరిగింది.

ఆ చప్పుడు వింటూ ధైర్యం చేసి అడిగాను. "అమ్మా, నాకొక సంచి కుట్టిపెడతావా?"

అమ్మ చక్రం ఆపింది. నెమ్మదిగా లేచి, తన ఇనుపపెట్టె తెరచి, అడుగునుంచి ఒక మడత తీసి నా ఒడిలో పెట్టింది. అదే ఖాకీసంచి! ఎర్రదారం వెలిసిపోయింది. చెవులు రెండూ ఎలుకలు కొరికివేశాయి.

"మర్నాడే కండక్టరు తెచ్చి ఇచ్చాడు నాన్నా! నీకు బరువయిందని నేను దాచాను" అన్నది.

నేను ఏదో చెప్పబోయాను. నోట మాట రాలేదు. అమ్మ నన్ను మాట్లాడనివ్వలేదు కూడా. "గుడ్డ గట్టిదే. చెవులు వేస్తే చాలు" అంటూ తన పాత చీర అంచు కత్తిరించి, మిషను ముందు కూర్చొన్నది.

ఒక నూలుచొక్కా తయారుకావడానికి సుమారు 2,500 లీటర్ల నీరు ఖర్చవుతుందని నిపుణుల అంచనా. 120 మైక్రాన్లకంటె పలుచని ప్లాస్టిక్ సంచులను మన దేశంలో 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. ఉన్న గుడ్డను మళ్ళీ వాడుకోవడానికి ఇవి మంచి కారణాలే. అమ్మకు ఈ లెక్కలు తెలియవు. పారవేయడానికి ముందు ప్రతి వస్తువును ఒకసారి చేతిలోకి తీసుకొని చూడాలని మాత్రమే ఆమెకు తెలుసు.

ఇప్పుడు నేను కూరల బజారుకు వెళ్ళినప్పుడు సంచిని చూసి అప్పుడప్పుడు ఎవరో ఒకరు, "ఇదెక్కడిదండీ?" అని అడుగుతూ ఉంటారు.

"మా నాన్నగారి లాగు. మా అమ్మ కుట్టింది" అని గట్టిగానే చెబుతాను.