తిరుచానూరున ఒక దీపాల మేస్త్రి

పద్మసరోవరజలమును శిరమున చల్లుకొని, అమ్మవారిని సేవించి, కుంకుమ పొట్లమును కొంగున ముడిచికొని మరలిపోవు యాత్రికులకు, ఆ యూరి వెలుపల, తిరుపతి బాటప్రక్కన, రేకుల కప్పుక్రింద మోటారు సైకిళ్ల వైరింగు పని చేయు చిన్న షాపొకటి కలదన్న సంగతితో నిమిత్తము లేదు. రాత్రివేళ బండిమీద చిత్తూరు దిక్కునకు పోవువారికి మాత్రము ఆ చోటు చిరపరిచితము.

నా మిత్రునికి తిరువొత్తియూరు కర్మాగారమున పుట్టిన పాత బుల్లెట్టొకటి కలదు. దానిపై అతనికి గల మమకారమెంతటిదో, దాని దీపముపై గల అసంతృప్తియు నంతటిదే. 60/55 వాట్ల బల్బును తీసి 100/90 వాట్లది పెట్టించినచో రాత్రి పగలగునని యెవరో చెప్పగా, నన్ను వెంటబెట్టుకొని అచ్చటికి వచ్చెను. అరువదేండ్లు దాటిన మేస్త్రి అంతయు వినెను గాని బల్బుల డబ్బా జోలికి పోలేదు.

“వంద వాట్లు ఏస్తే వెలుగొస్తాదని ఎవురు చెప్పినారు సామీ? ముందు ఈ బల్బుకు రావల్సినంత కరెంటు వస్తాందో లేదో చూస్తాం ఉండండి” అని, దీపము వెలుగుచుండగనే మీటరును బ్యాటరీ కొనల కొకసారి, బల్బు హోల్డరున కొకసారి తాకించి చూపెను. బ్యాటరీవద్ద 12 దాటిన వోల్టేజి హోల్డరు చేరునప్పటికి 11కు దిగినది. తక్కినదానిని తాళము, హ్యాండిలు మీది స్విచ్చి, చిలుము పట్టిన అతుకులు, సన్నని తీగలు త్రోవలోనే వేడిగా మార్చి హరించినవి. టంగ్‌స్టన్ తీగ స్వభావమెట్టిదనగా, 12 వోల్టులలో ఒక్కటి తగ్గినంతనే దాని కాంతి సుమారు నాలుగవవంతు క్షీణించును. ఇట్టి వైరింగునకు వంద వాట్ల బల్బు తగిలించుట పిల్లకాలువలో చెరువునంతయు పారింపజూచుటయే. 60 వాట్లకు 5 ఆంపియర్లు చాలును; 100 వాట్లకు 8కి పైగా కావలెను. ప్రవాహము హెచ్చినకొలది త్రోవలోని నష్టమును హెచ్చును, స్విచ్చి మాడును, హోల్డరు కరగును, రిఫ్లెక్టరుపై మెరుగుపూత నల్లబడును.

అతడు చేసిన చికిత్స ఇంతే: డిమ్ముకొకటి, బ్రైటుకొకటి చొప్పున రెండు రిలేలు బిగించి, బ్యాటరీనుండి ఫ్యూజుతో కూడిన మందపు తీగను వానికి తెచ్చి, ఎర్తు తీగను క్రొత్తగా వేసెను. స్విచ్చి ఇక రిలేకు సంజ్ఞ చేయుటకే గాని బరువు మోయుటకు కాదు. మరల కొలిచినప్పుడు రెండుచోట్లను అంకె దాదాపు ఒక్కటే. బల్బు పాతదే, ఎదుటి గోడమీది వెలుగు మాత్రము వేరు.

ఇంతలో ఒక కుర్రవాడు తెల్లని ఎల్‌ఈడీ బల్బు కొనితెచ్చి బిగింపుమనెను. అది తక్కువ విద్యుత్తుతో వెలుగును, నిజమే. కాని హాలోజన్ బల్బులో డిమ్ము తీగక్రింద లోహపు దొన్నె యొకటి యుండి, రిఫ్లెక్టరు క్రిందిసగమునకు కాంతి సోకనీయక, వెలుగు ఎదుటివారి కన్నులవైపు లేవకుండ కాచును. ఎల్‌ఈడీ చిప్పులు ఆ తీగ స్థానముననే అమరనిచో కాంతి నలుదెసల చెదరును. మేస్త్రి దానిని గోడకెదురుగా వెలిగించి, “చూడు నాయనా, ఇది రోడ్డుకు ఏసే లైటు కాదు, ఆకాశానికి ఏసే లైటు” అనెను.

ఆ మాటను నేను పరిహాసముగా తీసికొనలేదు. తమిళదేశమునుండి పసుపు వస్త్రములతో కాలినడకన వచ్చు భక్తులు రాత్రులందును ఈ బాటల అంచుననే సాగుదురు. కార్తిక బ్రహ్మోత్సవములకు పంచమీతీర్థమునాడు ఇచ్చటి సందడి చెప్పనలవి కాదు. కన్నులు చెదరిన పాదచారి ప్రక్కకు తొలగునో, బండికే అడ్డుపడునో యెవ్వరెరుగుదురు? నిర్మాత పెట్టిన స్వరూపమును ఇష్టానుసారము మార్చుటను మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను నిషేధించుచునే యున్నది. 2017 ఏప్రిల్ 1 మొదలు క్రొత్త ద్విచక్రవాహనముల దీపము పగలును ఆరదు గనుక, మితిమీరిన బల్బు వేడిని వైరింగు అహోరాత్రములు భరింపవలసియుండును.

బల్బు మార్చదలచినవారు ముందుగా హోల్డరువద్ద వోల్టేజి కొలిపించుకొందురు గాక. బ్యాటరీతో పోల్చినచో అర వోల్టునకు మించి లోటు కనబడెనేని, మార్పింపవలసినది తీగలను, బల్బును కాదు.