చెవితో చూడటం

పాతబస్తీలో పత్తర్‌గట్టి వెనక గల్లీలో యాంప్లిఫయర్లు బాగుచేసే మా ఉస్తాద్‌కు వోల్టేజిని గీతగా చూపే ఆసిలోస్కోపు లేదు. కూతురి పాత ల్యాప్‌టాపు ఉంది. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న పిన్ను, రెండు రెసిస్టర్లు, రెండు డయోడ్లు, ఒక కెపాసిటరు సోల్డర్ చేసి ప్రోబు కట్టాడు. సౌండ్‌కార్డు సెకనుకు 48,000 సార్లు వోల్టేజి కొలుస్తుంది. ఆ అంకెల్నే తెరమీద గీతగా గీయించుకుంటే సరి. 20,000 హెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. పాట వినిపించే పెట్టెకు అంతకంటే ఏం కావాలి?

తగిలిస్తే గీత మాత్రం కదల్లేదు.

పిన్నుమీద నల్లగీతలు లెక్కపెట్టాం. రెండే. చాలా ల్యాప్‌టాపుల్లో మైకుకూ హెడ్‌ఫోనుకూ ఒకటే రంధ్రం. దానికి మూడు నల్లగీతల పిన్ను కావాలి. లేకపోతే మైకు తీగ గ్రౌండుకు అంటుకుపోతుంది. పిన్ను మార్చినా ల్యాప్‌టాపు నమ్మలేదు. అది మైకు కోసం చిన్న వోల్టేజి పంపి, కాస్తయినా కరెంటు లాగుతున్నారా అని చూస్తుంది. మన ప్రోబు కెపాసిటర్ చాటున కూచుంది, ఏమీ లాగదు. మైకుకూ గ్రౌండుకూ మధ్య రెండు కిలో ఓముల రెసిస్టరు వేశాక మైకు వచ్చిందని ఒప్పుకుంది.

అసలు తమాషా ఆ తర్వాత. 1,000 హెర్ట్జ్ స్వరం ఇస్తే గీత చక్కగా లేచి, చూస్తుండగానే నీరసించి పడుకుంది. ల్యాప్‌టాపు చెవి మాటకోసం పెట్టింది. మారకుండా మోగేది ఏదైనా దానికి ఫ్యాను రొదే, తుడిచేస్తుంది. బయట ఆటోల హారన్లు, బేరాల అరుపులు దానికి అంత అభ్యంతరం కావు. తీగలో వచ్చిన నిఖార్సయిన స్వరమే చెత్త! సెట్టింగుల్లో ఆ పెద్దరికాన్ని ఆపేయించాం. మైక్ బూస్టు కూడా తగ్గించాం, గీత నెత్తి చదునైపోతోందని.

టార్చి బ్యాటరీ తగిలిస్తే ఒక్కసారి ఉలిక్కిపడి సున్నాకు వస్తుంది. అది జబ్బు కాదు, స్వభావం: ఒకే తీరుగా ఉండే వోల్టేజిని కెపాసిటరు రానివ్వదు. ఛార్జరు పెడితే 50 హెర్ట్జ్ గుర్రు, పీకేస్తే పోతుంది.

ఇప్పుడు ఉస్తాద్ మధ్యలో చవక యూఎస్‌బీ సౌండ్‌కార్డు పెట్టుకున్నాడు. సాయంత్రానికి కూతురికి ల్యాప్‌టాపు బతికుండాలి కదా. నేరుగా గోడ కరెంటుతో నడిచే ఎస్‌ఎంపీఎస్ బోర్డు ఎవరైనా తెస్తే మాత్రం ఆ ప్రోబును సొరుగులో పెట్టేస్తాడు. గ్రౌండు తీగ 230 వోల్టులకు తగిలితే డయోడ్లు ఏం ఆపుతాయి? బోర్డును అటూఇటూ తిప్పి చూసి, "ఛోడో భాయ్, కొత్తది తెచ్చుకో" అంటాడు.